పైకి తెరుచుకునే తలుపు

నేను ఒక కారు తలుపుని. ముందువైపు, ఎడమ తలుపుని. కారు తన కథ చెబితే వినేవాళ్లు ఉంటారేమో గానీ, తలుపు చెబితే ఎవరు వింటారన్నది నాకూ అనుమానమే. కారు కొనడానికి వచ్చినవాళ్లు ఇంజను చప్పుడు చెవులు రిక్కించి వింటారు. టైర్లని కాలితో తన్ని చూస్తారు. ఏసీ ముందు మొహం పెట్టి కళ్లు మూసుకుంటారు. నా దగ్గరికి వచ్చేసరికి ఒకసారి తీసి, ఒకసారి దబ్బున వేసి, "బానే ఉంది" అంటారు. అయినా చెబుతాను. చెప్పకుండా ఉండలేని స్థితికి వచ్చాను.

చెన్నై దాటాక ఒక కార్ఖానాలో పుట్టాను. ఇనుపరేకుని పెద్ద అచ్చు కింద పెట్టి ఒక్క దెబ్బ కొడితే నా ఆకారం వచ్చింది. లోపల అద్దం దిగడానికి జాగా, వెనక అంచుకి గడియ, ముందు అంచుకి రెండు బలమైన బందులు. ఆ బందుల మీదే నా బతుకంతా. వాటిని పట్టుకునే నేను పక్కకి తెరుచుకుంటాను. మనిషి ఎక్కేదాకా తెరిచి ఉండాలి, ఎక్కాక మూసుకోవాలి, వాన పడితే లోపలికి రానివ్వకూడదు. నాకు ఒప్పజెప్పిన పని ఇంతే. తేలికైన పనే, మనుషులు దాన్ని తేలిగ్గా ఉండనిస్తే.

మొదటి యజమాని ఏలూరులో ఒక ఇంజనీరు గారు. ఆయనా ఆయన భార్యా గట్టిగా పోట్లాడుకోవడం నేను ఎప్పుడూ వినలేదు. చదువుకున్నవాళ్లు. ఆవిడకి కోపం వస్తే ఒక్క మాటా అనకుండా కారు దిగి, నన్ను ఠపీమని విసిరికొట్టి ఇంట్లోకి వెళ్లిపోయేవారు. ఆయన లోపలే కూర్చుని, నా వంక చూసి నిట్టూర్చేవారు. ఆ ఇంట్లో ఎన్ని గొడవలు జరిగాయో నా రబ్బరు పట్టీని అడిగితే చెబుతుంది. చివరికి ఆయన కొత్త కారు కొనుక్కుని మమ్మల్ని తణుకులో మల్లిబాబుకి అమ్మేశారు.

మల్లిబాబు కారుని కిరాయికి తిప్పేవాడు. పెళ్లిళ్లకి, ఆసుపత్రులకి, తిరపతి ప్రయాణాలకి. మనిషి మంచివాడు. పొద్దున్నే లేచి నన్ను తడిగుడ్డతో తుడిచేవాడు, హ్యాండిల్ సందులో కూడా వేలు పెట్టి. అతనితో ఒకటే ఇబ్బంది. ఏదైనా తన కంటికి బాగుంటే చాలు, ఇంట్లోవాళ్లని అడగాలన్న సంగతే గుర్తుకు రాదు.

ఇంట్లోవాళ్లంటే భార్య మాణిక్యం ఒక్కతే. మేనత్త కూతురు, అందుకని పెళ్లయ్యాక కూడా అతన్ని "బావా" అనే పిలిచేది. ప్రైవేటు బళ్లో హిందీ టీచరు. ఆమెకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఒకరోజు కాలవ గట్టు మీద స్కూటీకి గేదె అడ్డమొస్తే మాణిక్యం కిందపడింది. ఎడమ తొడ ఎముక విరిగింది. లోపల ఇనుప ప్లేటు వేశారు. మోకాలు పూర్తిగా వంగదు. మంచం దిగి నడవడం మొదలుపెట్టాక ఆమె మొదట వెళ్లింది బడికే. అక్కడ కరస్పాండెంటు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పిన మాట నేను గేటు దగ్గరుండి విన్నాను.

"మీ అంతట మీరు కారు దిగి, నడిచి క్లాసుకి రాగలిగితే నాకేం అభ్యంతరం లేదు టీచరమ్మా. ఎవరో చంకల్లో చేతులేసి దింపితే మాత్రం కష్టం. పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మానాన్నలు అందరూ చూస్తారు. ఈవిడేం చూసుకుంటుంది మా పిల్లల్ని అంటారు."

కాబట్టి కారు దిగడం అనేది మాణిక్యానికి ఉద్యోగం. ఆ ఉద్యోగం నా మీద ఆధారపడింది.

ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. తలుపంటే దారి ఒక్కటే కాదు. తెరిచి ఉన్న తలుపు పట్టుకోవడానికి కూడా పనికొస్తుంది. నడుము నొప్పివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, కాళ్లు లాగేసేవాళ్లు కారు దిగేటప్పుడు చూడండి. చెయ్యి దానంతటదే తలుపు మీదికి వెళ్లిపోతుంది. మాణిక్యం వెనక సీట్లో కూర్చోలేదు. అక్కడ కాలు చాపుకునే జాగా లేదు. ముందు సీటుని బాగా వెనక్కి జరిపించుకుని, అద్దం పూర్తిగా కిందికి దించేది. నన్ను తోసి, నేను తెరుచుకుని ఆగాక, ముందు ఎడమకాలు బయటపెట్టేది. నా అంచు మీద చెయ్యి వేసి, ఒక్కసారి ఊపిరి బిగబట్టి లేచేది. ఆమె బరువంతా నా బందుల మీద పడేది. కిర్రుమనేవాణ్ణి గానీ ఒక్క అంగుళం కదిలేవాణ్ణి కాదు. లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని, పుస్తకాల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయేది. నాకు దండం పెట్టలేదు, కృతజ్ఞత చెప్పలేదు. అవసరం లేదు. తలుపుకి అంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఆ గౌరవం ఫోనులో వచ్చిన ఒక వీడియో పాడుచేసింది.

భీమవరంలో ఎవరో పెళ్లికి కారు తెచ్చారట. బటన్ నొక్కితే తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేచాయట. పెళ్లికొడుకు పొగలోంచి దిగాడట. మల్లిబాబు ఆ వీడియోని టీకొట్టు దగ్గర చూశాడు, స్టీరింగు మీద ఫోను పెట్టుకుని చూశాడు, అన్నం తింటూ చూశాడు. ఆ ముహూర్తాల్లో అతనికి రావలసిన రెండు పెళ్లిళ్లు ఆ కారుకి వెళ్లిపోయాయి. ఇంక ఆగలేదు. మాణిక్యం పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న ఒక ఆదివారం, సర్వీసింగుకని చెప్పి తాడేపల్లిగూడెం దగ్గర హైవే పక్కన ఉన్న సుభానీ షెడ్డుకి మమ్మల్ని తీసుకెళ్లాడు.

సుభానీ అక్కడ తలుపుల స్పెషలిస్టు. వేళ్లకి ఉంగరాలు, నోట్లో కిళ్లీ.

"అన్నా, మీరు సరైన చోటికే వచ్చారు. ఇది పెడితే మీ కారుని చూట్టానికి జనం పెళ్లికూతుర్ని వదిలేసి వస్తారు," అన్నాడు.

"గట్టిగానే ఉంటాది కదా?" అన్నాడు మల్లిబాబు.

"గట్టిగానా! అన్నా, విమానం తలుపు కూడా ఇంత గట్టిగా ఉండదు."

"నువ్వు విమానం తలుపు సూసావా?"

"చూడకపోతే ఏం, అదీ తలుపేగా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు మధ్యలో కట్టింగు మిషను అందుకుని నా బందుల్ని కోసేశాడు. ముందు అద్దం పక్కన నన్ను మోసే కారు స్తంభంలో అవి ఉన్న చోటు కూడా కోసి, అక్కడ ఒక మందపాటి ఇనుప బిళ్ల అతికి, దానికి తిరిగే కొత్త బందు బిగించాడు. గ్యాసు నింపిన కడ్డీ ఒకటి నా పొట్టలోకి ఆనించాడు. బటన్ నొక్కితే గడియ ఊడుతుంది. కడ్డీ నన్ను కొంచెం బయటికి తోసి, నిలువునా పైకి లేపుతుంది. మొదటిసారి అలా లేచినప్పుడు షెడ్డులో ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కింద నేల ఎక్కడుందో తెలియక కళ్లు తిరిగాయి. కుడివైపు తలుపుకీ అదే గతి పట్టింది.

సాయంత్రం ఇంటి ముందు మల్లిబాబు భార్యని కేకేశాడు.

"మాణిక్యం! ఓసారి బయటికి రా. గుమ్మంలో నిలబడు. ఆ, అక్కడే. ఇప్పుడు సూడు!"

నేను లేచాను. ఎదురింటివాళ్లు మేడమీంచి ఈల వేశారు. మాణిక్యం కర్ర ఊతంతో మెల్లగా దగ్గరికి వచ్చింది. నా వంక కాదు, నేను ఇదివరకు ఉండే ఖాళీ జాగా వంక చూసింది.

"బాగుంది బావా. మరి నేనేం పట్టుకోవాలి?"

"ఏటి పట్టుకునేది? నేనున్నాను కదా, నన్ను పట్టుకో."

"బడి గేటు దగ్గరా?"

మల్లిబాబు నా అంచుని చేత్తో తుడిచాడు. తర్వాత, "అది సూసుకుందాం లేవే. ముందు ఎలా ఉందో సెప్పు," అన్నాడు. ఆమె కర్ర తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏలూరు ఆవిడ అయితే ఇలాంటప్పుడు నన్ను విసిరికొట్టేవారు. ఇప్పుడు విసిరికొట్టడానికి కూడా నేను వీలుగా లేను.

మర్నాడు బడి దగ్గర నేను లేవగానే పిల్లలు మూగారు. "టీచర్, ఇంకోసారి టీచర్!" అని గెంతారు. మాణిక్యం కాలు బయటపెట్టి, అలవాటుగా చెయ్యి చాపింది. చేతికి గాలి తగిలింది. ముందు అద్దం పక్కన స్తంభాన్ని పట్టుకోబోతే వేళ్లకి పట్టు దొరకలేదు. రెండుసార్లు లేవబోయి కూర్చుండిపోయింది. చివరికి సీటు అంచు పట్టుకుని, పక్కకి ఒరిగి, ఎలాగో లేచింది. నుదురంతా చెమట. అయినా తనే లేచింది. రోజూ అంతే. రోజూ నేను పైన వేలాడుతూ, కింద ఆమె పడే పాట్లు చూస్తూ ఉండేవాణ్ణి. ఒక చెయ్యి దూరంలో ఉండి కూడా అందకపోవడం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

నా పక్షాన చెప్పుకోవలసిన మంచి ఒకటి ఉంది, దాచను. రెండు కార్ల మధ్య బెత్తెడు సందులో ఆపినా నేను పక్క కారుకి తగలకుండా తెరుచుకోగలను. మల్లిబాబు ఈ గొప్ప అందరికీ చెప్పేవాడు. కానీ అంత ఇరుకులో కారు ఆపవలసిన పెద్ద షాపింగు కాంప్లెక్సు మా ఊళ్లో ఎక్కడుంది? మా ఊళ్లో ఉన్నవి రేకుల షెడ్లు, కిందికి జారిన కరెంటు తీగలు, కొట్ల ముందు చాపిన టార్పాలిన్ పట్టాలు. ఇవన్నీ పైన ఉండేవే. నేనేమో పైకి లేచేవాణ్ణి. వాన వస్తే మరీ ఘోరం. పక్కకి తెరుచుకున్నప్పుడు పైకప్పు అంచు కొంతైనా ఆపేది. ఇప్పుడు నా ఒంటి మీద పడ్డ నీళ్లన్నీ ధారగా సీట్లోకి దిగేవి. మల్లిబాబు తువ్వాలు పెట్టి తుడుస్తూ, "వానాకాలం ఎన్నాళ్లుంటాదిలే," అనేవాడు.

పెళ్లిళ్లు మాత్రం వచ్చాయి. అక్కడా ఒక చిక్కు. పెళ్లికొడుకు వెనక సీట్లో పెద్దవాళ్ల మధ్య దర్జాగా కూర్చోవడం ఆనవాయితీ. నేను ఉన్నది ముందు. అందుకని పెళ్లికొడుకుల్ని ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. "క్లీనరులాగా అక్కడేంట్రా?" అని ఒక తాతగారు అడిగితే, "తలుపు అక్కడుంది తాతా," అన్నాడు మనవడు. తలుపు ఎక్కడుంటే మనిషి అక్కడ కూర్చోవలసి వచ్చింది.

అత్తిలి దగ్గర ఒక పెళ్లిలో అసలు గొడవ జరిగింది. పొద్దుటి ముహూర్తం. ఎదురుకోలు కోసం ఆడపెళ్లివారు పానకం బిందె, పూలదండలు పట్టుకుని మేళంతో ఎదురొచ్చారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, పెళ్లికూతురి తమ్ముడు తన చేత్తో కారు తలుపు తీసి, బావకి పానకం ఇచ్చి, చెయ్యిపట్టి దింపాలి. ఆ తమ్ముడు సోమరాజు బస్సు డిపోలో పనిచేసే బలిష్ఠుడు. తలుపు తీసే హక్కు తనదని తెలుసు. తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఎండగా ఉందని మల్లిబాబు కారుని తీసుకెళ్లి సరిగ్గా షామియానా కిందే ఆపాడు. పైన అడ్డంగా ఇనుప గొట్టం ఉందని అతనూ చూడలేదు.

సోమరాజు హ్యాండిల్ పట్టుకుని పక్కకి లాగాడు. మల్లిబాబు అదే క్షణంలో లోపల బటన్ నొక్కాడు. నేను సోమరాజు చేతిని ఎత్తుకుంటూ పైకి లేచి, గొట్టానికి కొట్టుకుని, పూలజాలీలో చిక్కుకుని సగంలో ఆగిపోయాను. పైకి పోను, కిందికి రాను.

"వదులండీ, వదులండీ! అది పైకి పోద్ది!" అని మల్లిబాబు అరిచాడు.

"పైకి పోవడమేంటయ్యా, తలుపు!" అని సోమరాజు ఇంకా గట్టిగా లాగాడు. నా లోపల కడ్డీ వంగిన చప్పుడు నాకొక్కడికే వినిపించింది.

పెళ్లికొడుకు ఎంతసేపని కూర్చుంటాడు? ముహూర్తం దగ్గరపడుతోంది. వంగి, నా కిందనుంచి దూరి, ముందు చేతులూ తర్వాత కాళ్లూ బయటికి తెచ్చాడు. తలపాగా నా గడియకి తగులుకుని నా దగ్గరే ఉండిపోయింది.

పెళ్లికొడుకు మేనత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఏవండోయ్! మావోణ్ణి కోళ్లగంప కిందనించి లాగినట్టు లాగుతారేంటండీ? ఇదేనా మీరు చేసే మర్యాద?"

"కారు మీదా మాదా అండీ? మీరెక్కొచ్చిన కారే కదా!" అన్నాడు సోమరాజు, నొప్పెట్టిన మణికట్టు పట్టుకుని.

"మీ చేతిలో పడ్డాకే కదయ్యా ఇరుక్కుంది!" అంది మేనత్త.

పానకం చల్లారడానికి వేడి కాదు గానీ, దాని సంగతి అందరూ మరిచిపోయారు. చివరికి రెండు వైపులవాళ్లూ రాజీపడిన విషయం ఒకటే. తప్పంతా తలుపుది. నన్ను నలుగురూ నాలుగు తిట్లు తిట్టి, పందిట్లోకి వెళ్లి హాయిగా పెళ్లి చేసుకున్నారు. నన్ను పైకి తెరుచుకొమ్మన్నది ఎవరు? నేనా అడిగాను?

ఆ రోజునుంచి కడ్డీ బలం తప్పింది. లేచేవాణ్ణి గానీ లేచినచోట నిలవలేకపోయేవాణ్ణి. మల్లిబాబు కొత్త కడ్డీకి చెప్పి, అది వచ్చేదాకా వెదురుకర్ర ఒకటి నాకు పోటు పెట్టేవాడు. రెక్కలున్న కారుకి కర్ర ఊతం. లోపల కూర్చున్న మాణిక్యం చేతిలో ఇంకొక కర్ర. ఇద్దరం ఒకే అవస్థలో ఉన్నాం.

దసరా సెలవుల ముందు ఒక పొద్దున బడి గేటు దగ్గర ఆ పోటు జారింది. అప్పుడే ఆమె సగం లేచి ఉంది. నేను ఆగుదామని చూశాను. నాలో ఆపుకునేది ఏదీ మిగల్లేదు. ఆమె భుజం మీద పడ్డాను. పుస్తకాల సంచి కిందపడింది. ఆమె సీట్లో కూలబడింది. మల్లిబాబు పరిగెత్తుకొచ్చి, చంకల్లో చేతులేసి, పిల్లలూ తల్లులూ చూస్తుండగా ఆమెని పైకి లేపాడు. కరస్పాండెంటు గారు వరండాలోంచి దిగివచ్చారు.

"సెలవులయ్యాక కూడా ఇలాగే అయితే వేరే టీచరుని చూసుకుంటాను. ఏమీ అనుకోకండి మాణిక్యం గారూ," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

ఇంటికొచ్చే దారిలో కాలవ దాటాం.

"కొత్త కడ్డీ వచ్చేస్తాది. అప్పుడు పడదు," అన్నాడు మల్లిబాబు.

"పడటం కాదు బావా. అది పైన బాగా నిలబడితే మటుకు నాకేం లాభం? ఈ కారులో అన్నీ ఉన్నాయి. పాటలున్నాయి, రంగులైట్లున్నాయి. నేను దిగడానికి పట్టుకునేది ఒక్కటీ లేదు."

"నీకోసమే కదే సంపాదిత్తున్నాను."

"నాకోసమైతే నన్నొక మాట అడగొచ్చుగా."

మల్లిబాబు బండి పక్కకి ఆపాడు. తర్వాత తిన్నగా తాడేపల్లిగూడెం తిప్పాడు.

"పాత బందులు పెట్టెయ్యి సుభానీ. ముందున్నట్టు సెయ్యి."

ఈసారి సుభానీ నవ్వలేదు. "అన్నా, స్తంభమే కోసేశాను కదా. ఇప్పుడు పాత బందు పెడితే ఆనదు. నాలుగు రోజులకి ఊడి చేతికొస్తది. స్తంభం మార్చాలంటే కారంతా విప్పాలి. చేసేటప్పుడు తిరిగి పెట్టొచ్చా అని ఎవరూ అడగరన్నా." అతను అబద్ధం చెప్పలేదు. తెరిచేవాళ్లందరూ ఎంత బాగా తెరుచుకుంటుందో చూస్తారు గానీ, వెనక్కి వెళ్లే దారి గురించి ఎవరు అడుగుతారు?

మల్లిబాబు కారుని అక్కడే సుభానీకి అమ్మేశాడు. సుభానీ దాన్ని భాగాలు భాగాలుగా విప్పి అమ్మాడు. ఇంజను ఒకరికి, సీట్లు ఇంకొకరికి. కుడి తలుపు ఎటు పోయిందో తెలియదు. నన్ను మాత్రం అమ్మలేదు. కొత్త కడ్డీ వేసి, ఎర్రరంగు కొట్టి, షెడ్డు గోడకి ఒక ఇనుప చట్రం పాతి దానికి బిగించాడు. వచ్చిన గిరాకీకి చూపించడానికి నమూనా అట.

సెలవులు అయిపోయే ముందురోజు షెడ్డు ముందు ఒక ఆటో ఆగింది. సెకండ్‌హ్యాండుదే గానీ శుభ్రంగా కడిగి ఉంది. నడిపే సీట్లోంచి మల్లిబాబు దిగాడు. నేను అలవాటుగా ఎడమవైపు చూశాను. ఆ బండికి తలుపే లేదు.

మాణిక్యం లోపలే కూర్చుని ఉంది. మల్లిబాబు ఆమెకి చెయ్యి ఇవ్వలేదు. పక్కన నిలబడ్డాడంతే.

"ఇక్కడో గొట్టం అతకాలి సుభానీ," అన్నాడు. "ఎక్కడో ఆవిడే సెబుతాది."

సుభానీ గొట్టం ముక్క తెచ్చి అడ్డంగా పట్టుకున్నాడు. ఆమె చెయ్యి వేసి చూసింది. "ఇంకొంచెం కిందికి," అంది. జరిపాడు. "ఇటు, నావైపు. ఆ... ఎక్కువైంది, మళ్లీ అటు." సుభానీ సుద్దముక్కతో గీత గీశాడు. ఆమె చెరిపేసి పక్కన ఇంకొక గీత గీసింది. మల్లిబాబు ఒక్కసారి కూడా, "సాల్లేవే," అనలేదు.

అతుకు చల్లారాక ఆమె గొట్టం పట్టుకుంది. ముందు ఎడమకాలు. ఊపిరి బిగబట్టింది. లేచింది. కుచ్చిళ్లు సర్దుకుని, నాలుగడుగులు వేసి, కుళాయి దగ్గర చేతికి అంటిన సుద్ద కడుక్కుంది.

"రేపు కరస్పాండెంటు గారు గేటు దగ్గరే నిలబడతారట," అన్నాడు మల్లిబాబు, గొంతు తగ్గించి.

"నిలబడనీ," అంది మాణిక్యం.

వాళ్లు వెళ్లిన దుమ్ము ఇంకా సర్దుకోలేదు. కొత్త కారులో పెళ్లికొడుకులాంటి కుర్రాడొకడు వచ్చాడు. సుభానీ కిళ్లీ ఉమ్మేసి వచ్చి, వాణ్ణి నా ఎదురుగా నిలబెట్టి, "ఇప్పుడు చూడండి సార్!" అని బటన్ నొక్కాడు.

నేను పైకి లేచాను. నా వెనక సిమెంటు గోడ. కుర్రాడు చప్పట్లు కొట్టాడు. నాలోంచి ఎవరూ దిగలేదు.